ఇంగ్లండు వెళ్తున్న మన వైజాగ్ పిల్లలకి: మీ పేటలో జీపీ సర్జరీ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

అక్కడ జీపీ అంటే మామూలు జబ్బులన్నీ ముందుగా చూసే పేట డాక్టరు. సర్జరీ అంటే ఆపరేషన్ కాదు, ఆ డాక్టరు క్లినిక్. ఇంగ్లండు వెళ్లిన మన పిల్లలు అక్కడి డాక్టర్ల గురించి ఇంటికి ఫోన్ చేసి చెప్పే మాట దాదాపు ఒకటే. "ఇక్కడ వీళ్లకి ఏమీ రాదమ్మా, పారాసెటమాల్ వేసుకోమని పంపేశారు." అది విని ఇక్కడ అమ్మ కంగారు పడుతుంది. రామ్‌నగర్‌లో తెలిసిన డాక్టరుకి ఫోన్ చేస్తుంది. వారం తిరక్కుండా అటు వెళ్లేవాళ్లెవరి సూట్‌కేసులోనో యాంటీబయాటిక్ స్ట్రిప్పులు బయల్దేరతాయి.

మొన్న మా ఎంవీపీ కాలనీలో పక్కింటివాళ్ల అబ్బాయి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. వాడికొచ్చింది జలుబూ దగ్గూ. జీపీ ఛాతీ విన్నారు, జ్వరం చూశారు, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూశారు. మూడు వారాలైనా దగ్గు తగ్గకపోతే మళ్లీ రమ్మన్నారు, ఆయాసం వచ్చినా కఫంలో రక్తం పడినా ఆగకుండా వెంటనే ఫోన్ చెయ్యమన్నారు. తమ్ముడూ, అది మంచి వైద్యం. వైరస్ వల్ల వచ్చిన జలుబుకి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. ఏం జరిగితే మళ్లీ రావాలో విడమరిచి చెప్పి పంపిన డాక్టరు నిన్ను పట్టించుకున్నట్టే. ఆ మాట చెప్పకుండా మాత్రలు రాసి పంపితే అప్పుడు అనుమానించు.

మనం ఇక్కడ హస్తవాసి చూసి డాక్టరుని ఎంచుకుంటాం. బయట ఎంత జనం ఉన్నారో చూస్తాం. సూది వేస్తే, గ్లూకోజు పెడితే బాగా చూశారంటాం. ఆ లెక్కలు అక్కడ పనికిరావు. అపాయింట్‌మెంట్ సాధారణంగా పది నిమిషాలు. ఒకసారి ఒక డాక్టరు, ఇంకోసారి ఇంకొకరు. ఒక్కోసారి నర్సో ఫార్మసిస్టో చూస్తారు. ఎదుట ఉన్నది డాక్టరా కాదా అని అడగడంలో మర్యాద తక్కువేమీ లేదు, అడుగు. మనిషి మారినా నీ కథ మొదట్నుంచీ చెప్పుకోవాల్సిన పని పడకపోతే, పోయినసారి రాసింది చదివి మాట్లాడితే, ఆ సర్జరీ బాగా నడుస్తున్నట్టు.

సర్జరీలో పేరు నమోదు చేసుకుని చేరే ముందు చూడాల్సినవి రెండు. ఇంగ్లండులో ప్రతి సర్జరీనీ కేర్ క్వాలిటీ కమిషన్ అనే సంస్థ తనిఖీ చేసి అవుట్‌స్టాండింగ్, గుడ్, రిక్వైర్స్ ఇంప్రూవ్‌మెంట్, ఇనాడిక్వేట్ అని నాలుగు మెట్లలో ఒకటి ఇస్తుంది. అందరూ ఆ ఒక్క మాట చూసి పేజీ మూసేస్తారు. తనిఖీ తేదీ చూడండి బాబూ. కొన్నింటికి అది ఎన్నో ఏళ్ల కిందటిది, అప్పటి డాక్టర్లు ఇప్పుడుంటారని లేదు. తర్వాత, భద్రత గురించి విడిగా ఏమిచ్చారో చూడు. మొత్తానికి గుడ్ అని ఉన్నా భద్రత దగ్గర వెనకబడిన సర్జరీలుంటాయి. రెండోది జీపీ పేషెంట్ సర్వే. ఏటా చేస్తారు, సర్జరీ వారీగా ఫలితాలు అందరికీ కనబడతాయి. ఫోన్ దొరకడం కష్టమా, డాక్టరు మాట వింటారా, నమ్మకం కలిగిందా అన్నవన్నీ అందులో ఉంటాయి. గూగుల్ రివ్యూల్లో సగం కౌంటరు దగ్గర గొడవలే, వాటితో వైద్యం తేలదు. ఇదంతా ఇంగ్లండు మాట. స్కాట్లండు, వేల్స్ వెళ్లేవాళ్లకి తనిఖీ పద్ధతి వేరు.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం ఒకటుంది: పరీక్షల రిపోర్టులు.

ఇక్కడ పొద్దున్న ల్యాబులో రక్తం ఇస్తే సాయంత్రానికి రిపోర్టు మన చేతికే వస్తుంది. కేజీహెచ్ ఓపీ ముందు చూడండి, ఎవరి చంకలో చూసినా ఎక్స్‌రే కవరో, పాత చీటీల ప్లాస్టిక్ సంచీయో ఉంటుంది. అక్కడ అడక్కుండా ఆ కాగితం నీ చేతికి ఎవరూ ఇవ్వరు. ఫలితం నేరుగా సర్జరీ కంప్యూటరులోకి వెళ్తుంది. ఒక డాక్టరు చూసి పక్కన ఒక మాట రాస్తారు: నార్మల్, లేదా మళ్లీ చేయించాలి, లేదా పేషెంటుతో మాట్లాడాలి. ఆ మాట ఎవరో ఒకరు నీదాకా చేర్చాలి. అక్కడే తెగుతుంది.

ఇంగ్లండులో నా మొదటి చలికాలంలో ఒళ్లంతా నీరసం. జుట్టు దువ్వెన నిండా వచ్చేది, ఎంత పడుకున్నా నిద్ర తీరేది కాదు. రక్తం తీశారు, ఏమైనా ఉంటే మేమే ఫోన్ చేస్తామన్నారు. ఫోన్ రాలేదు. వేరే ఏదో ఉత్తరం కోసం వెళ్తే కౌంటరులో ఆవిడ తెర చూసి, "థైరాయిడ్ గురించి డాక్టరుతో మాట్లాడాలని మీకు చెప్పమని రాసుందే" అంది. రాసి వారాలైంది. చెప్పిన నాథుడు లేడు. నాది మాత్రతో సర్దుకునే జబ్బు కాబట్టి సరిపోయింది. సర్దుకోనిదైతే? ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అందుకే చెప్తున్నాను, రక్తం ఇచ్చినా స్కాన్ చేయించినా కుర్చీలోంచి లేచే ముందే అడగండి. రిపోర్టు ఎప్పటికి వస్తుంది? నాకెవరు చెప్తారు? ఆ తేదీ దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలి? మంచి సర్జరీలో తడుముకోకుండా జవాబొస్తుంది. "అంతా బాగుంటే ఫోన్ రాదు" అని మాత్రమే అంటే, తేదీ నువ్వే రాసుకుని నువ్వే ఫోన్ చెయ్యి. ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) యాప్ పెట్టుకుంటే చాలాచోట్ల ఫలితమూ డాక్టరు రాసిన మాటా అందులోనే కనబడతాయి. సర్జరీ ఫోన్ చేస్తే తరచు నంబరు కనబడదు. ఏదో మోసం కాల్ అనుకుని మన పిల్లలు ఎత్తరు. పరీక్ష చేయించుకున్న రోజుల్లో ఎత్తండమ్మా. సిమ్ మార్చినా ఇల్లు మారినా ఆ రోజే సర్జరీకి చెప్పండి.

పేరు కూడా సరిచూసుకో. మన ఇంటిపేరు ముందుంటుంది, సొంత పేరు వెనక. చేర్చుకునేటప్పుడు అవి తారుమారవుతాయి. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటే రక్తం సీసా మీద పేరు కలవక ల్యాబు దాన్ని పరీక్ష చెయ్యకుండా పక్కన పెట్టెయ్యొచ్చు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించు.

మిగతావి త్వరగా చెప్తాను. చేరడానికి అడ్రసు రుజువు లేదని పంపించెయ్యకూడదు, అది వాళ్ల నియమమే. ఒంట్లో బాగున్నప్పుడే చేరాలి. ఇంగ్లిషులో నొప్పి సరిగ్గా చెప్పుకోలేని అమ్మానాన్నలు వచ్చి ఉంటే, ముందుగా చెప్పి తెలుగు దుబాసీని అడగండి, డబ్బు తీసుకోరు. చెల్లెమ్మా, పరీక్ష చేసేటప్పుడు తోడుగా ఒక మనిషిని ఉంచమని నువ్వు అడగొచ్చు. అడిగితే మొహం చిట్లించే సర్జరీలో ఉండకు. గొంతు నొప్పి, చిన్నపిల్లల చెవి పోటు లాంటివాటికి 2024 నుంచి మందుల షాపులో ఫార్మసిస్టే చూసి అవసరమైతే మందిస్తారు. ఛాతీలో నొప్పి వస్తే సర్జరీ కోసం చూడొద్దు, అత్యవసర నంబరు 999కి ఫోన్ చెయ్యి. ఎటు వెళ్లాలో తెలియకపోతే 111కి.

ఇంత చదివి భయపడేవాళ్లుంటారు. సరే, ఇదీ వినండి. చాలా సర్జరీలు పని సక్రమంగానే చేస్తాయి. డాక్టరుని చూసినందుకు ఒక్క పౌండు అడగరు, వీసాతోనే హెల్త్ సర్‌చార్జి కట్టేశారు కదా. ఇక్కడ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదువుకుని అక్కడ పనిచేస్తున్న డాక్టర్లూ ఉన్నారు. నా థైరాయిడ్ విషయంలో కూడా ఆ తర్వాత చూసినావిడ ఎంతో ఓపిగ్గా చూసింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

నచ్చకపోతే ముందు సర్జరీ పనులు చూసే ప్రాక్టీస్ మేనేజరుకి రాతపూర్వకంగా చెప్పు, తేదీలు వేసి. ఫిర్యాదు 12 నెలల్లోపు చెయ్యాలి. అయినా మారకపోతే వేరే సర్జరీలో చేరు, కారణం చెప్పక్కర్లేదు, పాత రికార్డు వెనకే వస్తుంది. రోజూ వేసుకునే మందులుంటే మాత్రం మారే ముందు ఒక నెలకి సరిపడా రాయించుకుని మారు.