అద్దె ఇల్లు చట్టప్రకారం ఖాళీ చేయించడం ఎలా?

కిందటేడాది మా బాబాయి ఫోన్ చేసి, "నాలుగు నెలలుగా అద్దె లేదురా. వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం మార్చేస్తే పీడా పోతుంది" అన్నాడు. ఆ పని మాత్రం చెయ్యొద్దన్నాను. ఇల్లు మనదే అయినా, కోర్టు ఉత్తర్వు లేకుండా అద్దెకున్నవాళ్లను బయటికి పంపకూడదు. పంపితే వాళ్లు ఆరు నెలల్లోపు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి మళ్లీ ఇంట్లోకి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరి పేరున ఉందో కోర్టు చూడనే చూడదు. నీళ్లు, కరెంటు ఆపినా చిక్కే. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే, ఇది సివిల్ తగాదా, కోర్టుకెళ్లమంటారు. వాళ్లు చెప్పేదీ నిజమే.

ఇక్కడ చెప్పేది తెలంగాణ పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరే అద్దె చట్టం చేశారు, కాబట్టి అక్కడివాళ్లు అక్కడి లాయరునే అడగాలి.

1. ముందు ఏ చట్టమో తేల్చుకోండి

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం అందరికీ వర్తించదు. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్లలో నెల అద్దె 3,500 రూపాయలు, మిగతాచోట్ల 2,000 దాటిన భవనాలు దాని పరిధిలో లేవు. కట్టి 15 ఏళ్లు నిండనివీ లేవు. హైదరాబాద్‌లో 3,500కి ఇప్పుడు ఒంటి గది దొరకడమే కష్టం. అందుకే ఇళ్ల కేసులు చాలావరకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద మామూలు సివిల్ కోర్టుకే వెళ్తాయి.

పాత అద్దెల మీద నడిచే మడిగెల (దుకాణాల) సంగతి వేరు. అవి అద్దె నియంత్రణ చట్టం కింద కేసులు వినే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లాలి, కారణం కూడా చూపాలి. కావాలని అద్దె ఎగ్గొట్టడం, రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం, కట్టడానికి నష్టం చేయడం, ఓనరుకే నిజంగా ఆ చోటు అవసరం పడటం లాంటివి చట్టం ఒప్పుకునే కారణాలు. "కొత్తవాళ్లు ఎక్కువ ఇస్తామంటున్నారు" అన్నది ఆ జాబితాలో లేదు.

2. నోటీసు ఇవ్వండి

నెలవారీ అద్దెకైతే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. వాట్సాప్ మెసేజ్‌తో సరిపెట్టకండి. ఇంటి నంబరు, అద్దె, బాకీ, ఏ తేదీకల్లా ఖాళీ చేయాలో రాసి, సంతకం పెట్టి, అందినట్టు రసీదు వచ్చేలా పోస్టులో పంపండి. బాబాయి పంపిన కవరు "డోర్ లాక్" అని పోస్ట్‌మ్యాన్ రాతతో తిరిగొచ్చింది. విసుక్కుని చింపబోతుంటే ఆపాను. సరైన అడ్రసుకు పంపామని చూపించే సాక్ష్యం ఆ కవరే. దాన్ని తెరవకుండా అలాగే దాచాలి.

అగ్రిమెంట్ గడువు దానంతటదే ముగిస్తే చట్టప్రకారం నోటీసు అక్కర్లేదు. కానీ గడువయ్యాక కూడా అద్దె తీసుకుంటూ పోతే అది నెలవారీ అద్దెగా మారిపోతుంది, అప్పుడు నోటీసు తప్పదు. నోటీసు గడువు దాటాక ఫోన్‌పేలో అద్దె పడినా మౌనంగా ఉండకండి. "దీన్ని వాడకపు పరిహారంగానే తీసుకుంటున్నాం, నోటీసు వెనక్కి తీసుకోలేదు" అని రాసి పంపండి. లేకపోతే నోటీసును మీరే వదులుకున్నారని అవతలి లాయరు వాదిస్తాడు.

3. దావా

కోర్టు ఫీజును ఇంటి విలువ మీద కాకుండా ఏడాది అద్దె మీద లెక్కేస్తారు. చాలామంది భయపడేంత ఉండదు. అగ్రిమెంట్, నోటీసు, పోస్టు రసీదు, అద్దె పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఇంటి కాగితాలు పెట్టుకోండి. బాకీతోపాటు, ఖాళీ చేసేదాకా నష్టపరిహారం కూడా ఇదే దావాలో అడగొచ్చు.

అద్దెకున్నవాళ్లకు

నోటీసు వచ్చిన రోజే సామాను సర్దక్కర్లేదు. అది కోర్టు తీర్పేమీ కాదు. అలాగని పక్కన పడేయొద్దు. జవాబివ్వండి, అద్దె మాత్రం ఆపకండి. కోపంతో అద్దె ఆపేసినవాళ్లు ఓనరు చేతికి కారణాన్ని తామే అందించినట్టు. ఓనరు తీసుకోనంటే బ్యాంకులో వేసి రుజువు ఉంచుకోండి. రెంట్ కంట్రోల్ పరిధిలో ఉంటే, బ్యాంకు వివరాలు అడుగుతూ ఓనరుకు రాయడం, మనియార్డర్ పంపడం, చివరికి కంట్రోలర్ దగ్గర జమ చేయడం అని చట్టమే వరుస చెప్పింది. సమన్లు అందాక జవాబుకు మామూలుగా 30 రోజుల గడువు. వెళ్లకపోతే మీరు లేకుండానే తీర్పు వస్తుంది.

పన్నెండేళ్లుంటే ఇల్లు మనదైపోతుందన్న మాట నమ్మకండి. ఓనరు అనుమతితో అద్దెకు ఉన్నంతకాలం ఆ లెక్క మొదలే కాదు. అదే భయంతో ఏటా అద్దెదారును మార్చే ఓనర్లూ ఉన్నారు, పాపం.

4. డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) తర్వాత

గెలిచినా తాళం మీరు పగలగొట్టకూడదు. కోర్టు ఇచ్చిన గడువులో ఖాళీ చేయకపోతే తీర్పు అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. అప్పుడు కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి, అమీనా, వచ్చి స్వాధీనం ఇప్పిస్తాడు. అడ్డుకుంటారనిపిస్తే పోలీసు సాయం కూడా కోర్టునే అడగాలి. అప్పీళ్లతో కలిపితే ఇదంతా ఏళ్లకు ఏళ్లు పట్టొచ్చు. అందుకే కుదిరితే నోటీసు దశలోనే రాజీ మేలని నా అభిప్రాయం.

బాబాయి అలాగే చేశాడు. రెండు నెలల అడ్వాన్సును బాకీలో సర్దుకుని, మిగతాది వదులుకున్నాడు. తాళంచెవులు ముట్టినట్టు కాగితం రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టారు. కరెంటు మీటరు రీడింగు కూడా అందులోనే వేయించాను. లేకపోతే ఆ నెల బిల్లు దగ్గర కథ మళ్లీ మొదలయ్యేది.