వినికిడి లోపమున్న విద్యార్థికి తరగతి గదిని అనువుగా మలచడం

వినికిడి లోపమున్న విద్యార్థి బడిలో చేరినప్పుడు ముందు బల్లపై కూర్చోబెట్టడంతో పని పూర్తయిందనుకోకూడదు. విద్యార్థి అవసరానికి తగిన సౌకర్యాలు కల్పించడం ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రతి పాఠశాల బాధ్యత అని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. అది దయతో చేసే సాయం కాదు.

ఉపాధ్యాయుని ముఖంతో పాటు తోటి పిల్లల ముఖాలూ కనిపించేలా, రెండో వరుసలో ఒక పక్కగా చోటు ఇవ్వాలి. వినికిడి యంత్రం మాటతో పాటు ఫ్యాను చప్పుడును, బల్లలు జరిపే శబ్దాన్ని కూడా పెంచుతుంది కాబట్టి, పాఠం సాగుతున్నంతసేపు తలుపు మూసి ఉంచడం, బల్లల కాళ్లకు రబ్బరు తొడుగులు వేయడం ఎంతో మేలు చేస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది బోధించే తీరు. నల్లబల్ల వైపు తిరిగి రాస్తూ మాట్లాడకూడదు. రాయడం ముగించి, పిల్లల వైపు తిరిగాకే వివరించాలి. ప, బ, మ అక్షరాలు పెదవులపై ఒకేలా కనిపిస్తాయి కనుక, డిక్టేషన్‌లో పదాన్ని విడిగా కాక వాక్యంలో పెట్టి చెప్పాలి. గట్టిగా అరిస్తే పెదవుల కదలిక మారిపోయి, మాట మరింత అస్పష్టమవుతుంది. "అర్థమైందా?" అని అడిగితే చాలామంది పిల్లలు మొహమాటంతో తలూపుతారు, అందువల్ల విన్నదాన్ని వారి మాటల్లోనో సైగల్లోనో చెప్పించాలి.

యంత్రం బ్యాటరీని రోజూ ఉదయమే పరీక్షించాలి. అవసరమైతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులను సంప్రదించి, తల్లిదండ్రుల సమక్షంలో బోధన ప్రణాళిక రూపొందించుకోవాలి.