ట్యూబ్ ఆంప్ కొనే ముందు ఓమ్‌లు చూడండి

పాత రేడియోల్లోలా గాజు ట్యూబులతో పనిచేసే ట్యూబ్ హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ కొందామనుకుంటే ముందు మీ హెడ్‌ఫోన్ ఎన్ని ఓమ్‌లదో, అంటే కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చూడండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఓటీఎల్ రకానికి సెన్‌హైజర్ హెచ్‌డీ 650 లాంటి 300 ఓమ్‌లవి భలే కుదురుతాయి. నా దగ్గరున్నది ఆ జోడీయే. వీణ తీగ మీటాక నాదం సాగి సాగి ఆరిపోయేదాకా వినిపిస్తోంది, ఎంత హాయిగా ఉందో! అదే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే బేస్ వదులైపోతుంది.

అమెరికా నుంచి తెప్పించుకుంటే వెనకాల 120 వోల్టులని ఉందేమో చూడండి. మన హైదరాబాద్ కరెంటు 230, నేరుగా పెడితే ఆంప్ కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కోసం కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. ట్యూబులు బాగా వేడెక్కుతాయి కాబట్టి మూసిన షెల్ఫ్‌లో పెట్టొద్దు, ఎండాకాలం అసలే వద్దు.