అటక మీది క్యాసెట్లలో పాటలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం ఎలా

పాతికేళ్లుగా ట్రంకుపెట్టెలో పడున్న క్యాసెట్లు బయటపడగానే చేతులు ఊరుకోవు. వెంటనే టేప్‌ రికార్డర్లో పెట్టి వినేయాలనిపిస్తుంది. అక్కడే ఆగాలి. ఉత్తరాంధ్ర తీరంలో బారువ నుంచి భోగాపురం దాకా సముద్రపు చెమ్మలో అన్నేళ్లున్న రీలు ఒక్కసారే సరిగ్గా పాడి, రెండోసారికి తెగిపోవచ్చు. ఆ ఒక్కసారే రికార్డు అయిపోయేలా ముందే అన్నీ సిద్ధం చేసుకోండి.

ముందు ఏ క్యాసెట్లు ఎక్కించాలన్నది తేల్చుకోండి. కంపెనీ ముద్రించిన సినిమా క్యాసెట్లు చివరికి పెట్టండి. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల, సుశీల పాటలు ఇప్పుడు ఫోన్లో క్షణంలో దొరుకుతాయి. ఇంకెక్కడా దొరకనివి వేరే: ఊళ్లో రాత్రంతా సాగిన జముకుల కథ, తప్పెటగుళ్లు, కోవెల్లో హరికథ, పెళ్లిలో ఇంటి ఆడవాళ్లు పాడిన పాటలు, విశాఖ రేడియో వస్తుండగా పట్టుకున్నవి. వాటి తర్వాత, రికార్డింగ్‌ షాపులో చీటీ రాసిచ్చి నింపించుకున్నవి. వాటిలో పాటలు విడివిడిగా దొరుకుతాయి గానీ ఆ వరస దొరకదు. ఒక పాట అయిపోతుండగానే తర్వాతి పాట ఎత్తుగడ చెవిలో మోగుతుంది చూడండి, అది ఆ వరస వల్లే. అందుకే సైడు మొత్తం ఒకే ఫైలుగా ఉంచండి. విడి పాటలు కావాలంటే దాని కాపీలోంచి కోసుకోండి.

క్యాసెట్‌ చేతిలోకి తీసుకోగానే వెనక అంచునున్న రెండు ప్లాస్టిక్‌ పలుకులూ విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్‌ నొక్కినా పాట చెరగదు. తర్వాత వెలుతురుకి పెట్టి కిటికీలోంచి రీలు చుట్ట చూడండి. అంచుల మీద తెల్లటి పొడిలా, మచ్చల్లా కనిపిస్తే బూజు. దాన్ని అలాగే ఆడిస్తే హెడ్‌కి (టేప్‌ రికార్డర్లో రీలు ఆనుకుని పాటను అందుకునే లోహపు ముక్క) అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. ఎండలో పెట్టొద్దు, డబ్బా వంగిపోతుంది. గట్టిగా మూత పడే డబ్బాలో వంద గ్రాముల సిలికా జెల్‌తో కలిపి వారం ఉంచండి. బూజు ఎండాక మూతికి మాస్కు కట్టుకుని ఆరుబయట కూర్చుని క్యాసెట్‌ అయిదు స్క్రూలూ విప్పండి. నూలు రాలని మెత్తటి పొడిగుడ్డ రీలుకి ఆనీ ఆననట్టు పట్టుకుని, ఆరు పలకల పెన్సిల్‌తో నెమ్మదిగా ఈ చుట్ట నుంచి ఆ చుట్టకి తిప్పండి. ఆ గుడ్డ మళ్లీ వాడొద్దు.

విప్పినప్పుడే రీలు వెనక రాగి రేకు మీదుండే చిన్న ఫెల్టు ముక్క చూడండి. దాన్ని అంటించిన జిగురు ఏళ్లు గడిచేసరికి ఎండి రాలిపోతుంది. అది లేకపోతే రీలు హెడ్‌కి ఆనదు, పాట గొంతు పూడుకుపోయినట్టు వస్తుంది. రీలే పాడైపోయిందనుకుని పారేసిన క్యాసెట్లు చాలావాటికి జబ్బు ఇదే. స్క్రూలున్న మరో క్యాసెట్‌ డబ్బా విప్పి, రెండు చుట్టలూ కలిపి ఎత్తి అందులోకి మార్చండి. రీలు మెలిపడకూడదు. పాట నిలిచే మసాలా పూసిన వైపు బయటికి, హెడ్‌ వచ్చే వైపుకి ఉండాలి. తిరగబడితే పాట తలుపు అవతల నుంచి వినిపిస్తున్నట్టుంటుంది. రీలు తెగితే మామూలు సెల్లో టేపు వేయకండి. వేడికి దాని జిగురు కారి పక్క చుట్టకి అంటుకుంటుంది. రెండు కొసలూ ఏటవాలుగా కోసి, రీలు అతికే స్ప్లైసింగ్‌ టేపుతో వెనక వైపు నుంచి అతకండి.

ఇక యంత్రం. కంప్యూటర్‌కి నేరుగా గుచ్చే చవక క్యాసెట్‌ ప్లేయర్లు కొనకండి. వాటిలో వేగం నిలకడగా ఉండదు, వయొలిన్‌ వణుకుతుంది. ఇంట్లోని పాత టూ ఇన్‌ వన్‌కి బెల్టు మార్పిస్తే అంతకన్నా మేలు. పాత బెల్టు దారం లాగా సాగి ఉంటే, అది తిరిగే దారి దారంతో కొలిచి, అంతకన్నా అయిదు నుంచి పది శాతం పొట్టిది తీసుకోండి. మరీ బిగువైతే మోటారు అరుస్తుంది. హెడ్‌, దాని పక్కన తిరిగే సన్నటి ఇనుప కడ్డీ, నల్ల రబ్బరు రోలరు, మూడింటినీ 99 శాతం ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో గోధుమరంగు మసి రావడం ఆగేదాకా తుడవండి. చేతులకి రాసుకునే శానిటైజరు పనికిరాదు. అయిదు నిమిషాలు ఆరనివ్వాలి. అయిదారు క్యాసెట్లకోసారి, బూజు పట్టినదైతే ప్రతిసారీ మళ్లీ తుడవాలి.

హెడ్‌ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. రికార్డు చేసిన మిషన్‌లో హెడ్‌ వాలు వేరు, మీ మిషన్‌లో వేరు. పాట ఆడుతుండగా, హెడ్‌ఫోన్స్‌ పెట్టుకుని ఆ స్క్రూని చిటికెడంత అటూ ఇటూ తిప్పండి. తాళాల ఖంగు, ‘స’ అక్షరం ఎక్కడ బాగా పదునుగా వినిపిస్తే అక్కడ ఆపేయండి. మొత్తం పనిలో ఎక్కువ ఫలితమిచ్చేది ఈ అరనిమిషమే. దీన్ని అసలు క్యాసెట్‌ మీద కాకుండా, పోయినా పర్లేదనుకున్న దానిమీద ముందు సాధన చేయండి.

లాప్‌టాప్‌కి ఒకటే రంధ్రం ఉంటే అందులోకి వచ్చేది మైకు శబ్దం, అదీ ఒక చెవికే. స్టీరియో లైన్‌ ఇన్‌ ఉన్న యూఎస్‌బీ సౌండ్‌ కార్డు కొని, హెడ్‌ఫోన్‌ రంధ్రం నుంచి 3.5 మి.మీ. తీగ కలపండి. టేప్‌ రికార్డర్‌ వాల్యూమ్‌ మధ్యలో, టోను మధ్యలో ఉంచండి. విండోస్‌లో శబ్దాన్ని మెరుగుపరుస్తామనే సెట్టింగులు తీసేయండి, అవి సన్నటి ఆలాపనలు మింగేస్తాయి. గుంయ్‌మని మోత వస్తే లాప్‌టాప్‌ చార్జరు పీకి, టేప్‌ రికార్డర్‌ని బ్యాటరీల మీద నడపండి. మధ్యలో కరెంటు పోయినా పని ఆగదు.

కంప్యూటర్లో రికార్డు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్‌ అడాసిటీలో 44,100 హెర్ట్జ్‌, 16 బిట్‌, స్టీరియో పెట్టుకోండి. పాటలో అతి గట్టి చోట సూది మైనస్‌ 6 డెసిబెల్స్‌ దాటకూడదు. సీ 60 (మొత్తం అరవై నిమిషాల క్యాసెట్‌) సైడుకి అరగంట, సుమారు 300 ఎంబీ పడుతుంది. దాచుకునేది శబ్దం ఏమీ పోని వేవ్‌ ఫైలు గానీ ఫ్లాక్‌ గానీ, ఫోన్‌కి మాత్రం ఎంపీత్రీ.

వేగం సరిచూడాలంటే, క్యాసెట్‌లో ఉన్న సినిమా పాట ఒకటి అదే రికార్డింగుతో ఫోన్లో వెతకండి. పల్లవి మొదటి మాట నుంచి పాట ఆఖరి మాట దాకా ఫోన్లో 240 సెకన్లు, మీ ఫైల్లో 232 వస్తే మిషన్‌ వేగంగా తిరుగుతోంది. వేగం, శ్రుతి కలిపి మార్చే ‘చేంజ్‌ స్పీడ్‌ అండ్‌ పిచ్‌’లో 232 ని 240 తో భాగించి వచ్చిన 0.967 వేయండి. ‘చేంజ్‌ టెంపో’ వద్దు, అది శ్రుతిని ముట్టుకోదు.

బుస తగ్గించాలంటే అడాసిటీలోని ‘నాయిస్‌ రిడక్షన్‌’కి పాట మొదలయ్యే ముందు ఖాళీగా ఉన్న రెండు మూడు సెకన్లు నమూనాగా చూపించి, 6 డెసిబెల్స్‌ దగ్గరే ఆపండి. అంతకు మించితే గాయని నీళ్లలోంచి పాడుతున్నట్టు వస్తుంది. రేడియో అనౌన్సరు మాట, హరికథ మధ్యలో జనం చప్పట్లు, వెనకాల ఏడ్చిన పసిగుంట, ఇవేవీ కోయకండి.

ఫైలు పేరులో సంవత్సరం, ఊరు, పాడినవాళ్లు, సైడు రాయండి. లోపలి అట్టని రెండు వైపులా ఫోటో తీసి అదే ఫోల్డర్లో పెట్టండి. గొంతులెవరివో తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లకి వినిపించి, వాళ్లు చెప్పే పేర్లు అప్పుడే రాసుకోండి. పని అయ్యాక రీలు పూర్తిగా ఒక వైపుకి చుట్టి, క్యాసెట్‌ని నిలువుగా నిలబెట్టి, సిలికా జెల్‌ పొట్లంతో, స్పీకర్లకి దూరంగా పెట్టండి. ప్రతి ఏడూ వర్షాలు మొదలయ్యే ముందు ఆ పొట్లం మార్చండి.