బధిర చిత్రకారులు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం ఎలా?

పిల్లల పుస్తకంలో ఒకే పాత్ర చివరి పేజీ దాకా అదే ముఖంతో, అదే ఎత్తుతో కనిపించాలి కనుక సాధనను పాత్రతోనే మొదలుపెట్టండి. ఒంగోలు గిత్త తల వంచి మేసేటప్పుడు గంగడోలు మడతలు ఎటు ఒత్తుకుంటాయో కొట్టం దగ్గర నిలబడి గీస్తేనే పట్టుబడుతుంది. మనుషుల కోసం రొట్టెల పండుగనాడు నెల్లూరు స్వర్ణాల చెరువుకు వెళ్లి, నీళ్లలో నిలబడి రొట్టె ఇచ్చే చేతిని, కొంగు పట్టి అందుకునే చేతిని గీయండి. సైగలతో మాట్లాడే మనకు చేతులను చదవడం చిన్ననాటి నుంచీ అలవాటే.

తరువాత ఒక చిన్న కథకు నమూనా పుస్తకం కుట్టండి. పెద్ద కాగితాన్ని అచ్చువేసి మడతపెడతారు కాబట్టి బొమ్మల పుస్తకాలు సాధారణంగా 16, 24 లేదా 32 పేజీలలో ఉంటాయి. పాత్ర ముఖం నడిమి మడతలో పడకుండా, అక్షరాలకు చోటు మిగిలేలా పెన్సిలుతో సరిచూసుకున్నాకే రంగులు వేయండి.

కథలో శబ్దం వచ్చినప్పుడు చాలామంది తడబడతారు. ‘బిందె ధడేలున పడింది’ అని ఉంటే, ఆ చప్పుడు ఎవరికి వినిపించింది, విన్నవారు ఏం చేశారు అని రచయితను రాసి అడగండి. చెవులు నిక్కించిన కుక్క, గోడ మీది నుంచి లేచిన కాకులు, నిద్రలో ఉలిక్కిపడిన పాప ఉంటే బొమ్మలో ఆ చప్పుడు ఉన్నట్లే. నా దృష్టిలో శబ్దాన్ని అక్షరాలతో రాసి చూపడం కంటే ఇదే బలమైన పద్ధతి.

పది పన్నెండు బొమ్మలు సిద్ధమయ్యాక నేషనల్ బుక్ ట్రస్ట్, తూలిక, మంచి పుస్తకం వంటి ప్రచురణ సంస్థలకు పంపండి. ఆ బొమ్మల్లో కనీసం మూడు, ఒకే పాత్రను వరుస సన్నివేశాల్లో చూపేవి కావాలి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే ఆన్‌లైన్ కథల వేదిక కూడా ఉంది, అయితే అక్కడి బొమ్మలను ఇతరులు కూడా వాడుకోవచ్చని గుర్తుంచుకోండి.

పని కుదిరాక ప్రతి మాటనూ రాతలోనే కోరండి. ఒకసారి ఒక ప్రచురణకర్త మార్పులన్నీ ఫోనులో మా తమ్ముడికి చెప్పారు. దూడ మెడలో గంట కట్టాలన్న మాట నా దాకా రాలేదు, ఆరు బొమ్మలు మళ్లీ వేయవలసి వచ్చింది. అప్పటి నుంచి మార్పులు మెయిలులో వస్తేనే కుంచె పడుతున్నాను. మాట్లాడక తప్పని సమావేశానికి సంజ్ఞా భాషా అనువాదకులను గాని, తెర మీద మాటలు అక్షరాలుగా కనిపించే వీడియో కాల్‌ను గాని ముందే అడగండి.

1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం బొమ్మల మీది హక్కుల బదిలీ రాతపూర్వకంగా, మీ సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే అది ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా పరిగణిస్తారు. ‘శాశ్వతంగా’ అన్న మాట కనిపిస్తే ఆగి, పారితోషికం ఎంతో మరోసారి చూసుకోండి. అచ్చు పూర్తయ్యాక అసలు బొమ్మలు మీకు తిరిగి ఇవ్వాలన్న షరతునూ ఒప్పందంలో రాయించుకోండి.