పునరావాస కౌన్సెలర్ల సంఘాలు విలీనం కావాలా: నిర్ణయానికి రావలసిన పద్ధతి

వైకల్యం ఉన్నవారికి ఉపాధి దారి చూపే పునరావాస కౌన్సెలర్ల చిన్న సంఘం, అదే రంగంలోని మరో పెద్ద సంఘంతో కలవాలా అన్నది ఇక్కడి ప్రశ్న. విలీనం గురించి మాట్లాడే ముందు ఆ రెండు సంఘాల మినిట్స్ పుస్తకాలనూ ఒకే బల్ల మీద తెరిచి పెట్టాలి. గత రెండేళ్లలో ఎవరు ఎన్ని సమావేశాలు జరిపారు, వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి వెళ్లిన కుటుంబాలకు ఎవరు తోడు నిలిచారు, ఎందరు సభ్యులు చందా కట్టారు అన్నది అందులోనే తేలుతుంది. పని ఒకటే అయి పదవులు మాత్రమే వేరైతే, విలీనానికి కారణం ఉన్నట్టే.

2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది కనుక, ఇక్కడ హద్దుల ప్రశ్న కూడా తప్పదు. మడకశిర సభ్యుడు అనంతపురంలో సమావేశానికి రావాలంటే ఒక పూట ప్రయాణానికే పోతుంది. అందుచేత ఒకసారి అనంతపురంలో, ఒకసారి హిందూపురంలో లేదా కదిరిలో సర్వసభ్య సమావేశం జరపాలన్న నియమాన్ని నియమావళిలోనే రాయాలి. నోటి మాటగా వదిలితే రెండో ఏడాదికి అది నిలవదు.

అన్నిటికంటే కష్టమైనది సభ్యత్వ అర్హత. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1992 నాటి చట్టం కింద 16 వర్గాల నిపుణులను నమోదు చేస్తుంది; పునరావాస కౌన్సెలర్లు వారిలో ఒక వర్గం మాత్రమే. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల ప్రత్యేక ఉపాధ్యాయులు ఎక్కువగా ఉన్న సంఘంతో కౌన్సెలర్ల చిన్న సంఘం కలిస్తే, ఓట్ల లెక్కలో చిన్నవారి మాట మునిగిపోతుంది. ఈ భయం న్యాయమైనదే. కౌన్సెలర్లకు ప్రత్యేక విభాగం, దానికి సొంత కన్వీనర్, శిక్షణ విషయాలలో ఆ విభాగం సమ్మతి లేనిదే తీర్మానం చెల్లదన్న నిబంధన ఉంటేనే చిన్న సంఘం ఒప్పుకోవాలని నా అభిప్రాయం.

అయినా నేను విలీనం వైపే ఉన్నాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. ఆటిజం ఉన్న పిల్లవాడికి నేడు ప్రత్యేక ఉపాధ్యాయుడు, పదేళ్ల తరువాత ఉపాధి చూపే కౌన్సెలర్ కావాలి. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎరుగకపోతే తల్లిదండ్రులు అదే కథను మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తుంది.

వెంటనే కలవడానికి మనసొప్పకపోతే, ముందు ఒక పనిని కలిపి చూడవచ్చు. అమెరికాలో 1950ల చివర ఏర్పడిన రెండు పునరావాస కౌన్సెలింగ్ సంఘాలు వేరుగానే ఉంటూ, వృత్తి ధ్రువీకరణకు 1974లో ఉమ్మడి కమిషన్‌ను నెలకొల్పాయి. మన దగ్గర రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో సభ్యుల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు అవసరమైన శిక్షణ తరగతులను ఒక సంవత్సరం కలిసి నిర్వహిస్తే, ఎవరు ఖర్చు భరిస్తారో, ఎవరు హాజరవుతారో తెలిసిపోతుంది.

కలవాలని తేలితే, ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కోరం (కనీస హాజరు), మెజారిటీ ఎంతో ముందే చూసుకొని, రెండు సంఘాలూ వేర్వేరుగా తీర్మానం చేయాలి. అప్పులు, బ్యాంకు నిల్వ, ఫర్నిచర్, పాన్ కార్డు వివరాలతో ఆడిటరు సంతకం చేసిన జాబితాను ఆ తీర్మానానికి జతపరచాలి. జిల్లా రిజిస్ట్రారు కార్యాలయం నుంచి కొత్త ధ్రువపత్రం చేతికి వచ్చేవరకు పాత ఖాతాలను మూయకూడదు. చందా కట్టిన చివరి సభ్యునికి కూడా సమావేశపు నోటీసు రాతపూర్వకంగా అందినట్టు రసీదు దాచిపెట్టుకోవాలి.