కొత్త హారన్ బొంగురుగా మోగుతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

షాపులో బ్యాటరీకి తగిలించి వినిపించినప్పుడు ఖంగుమని మోగిన హారన్, కారుకి బిగించాక గొంతు పట్టేసినట్టు బొంగురుగా మోగుతుంది. చాలామంది వెంటనే అనే మాట ఒకటే: "డూప్లికేట్ ఇచ్చాడు."

పోయిన ఏడాది మా బావగారి పాత హ్యాచ్‌బ్యాక్‌కి ఇదే జరిగింది. కంపెనీ నుంచి వచ్చింది ఒకటే చిన్న డిస్క్ హారన్. విజయవాడ హైవే మీద లారీవాళ్లకు వినపడటం లేదని నత్తగుల్ల ఆకారంలో ఉండే ట్రంపెట్ రకం జత వేయించారు. అది పాతదాని కన్నా హీనంగా మోగింది. మార్చి ఇంకో జత తెచ్చారు, అదీ అంతే. వరసగా రెండు జతలూ చెడ్డవే అంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. హారన్ మోగుతుండగా మీటరు పెట్టి చూశాను. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, హారన్ పిన్నుల దగ్గర 9.6. మిగతా 2.8 వోల్టులు దారిలోనే పోతున్నాయి.

అందుకే చెబుతున్నాను, హారన్‌ని తిట్టే ముందు దానికి అందుతున్న కరెంటు చూడండి. హారన్ లోపల ఒక కాయిల్, ఒక పల్చటి ఉక్కు రేకు, ఒక జత పాయింట్లు ఉంటాయి. బటన్ నొక్కగానే కాయిల్ అయస్కాంతమై రేకుని లాగుతుంది. రేకు లోపలికి రాగానే పాయింట్లు విడిపోయి కరెంటు తెగుతుంది, రేకు వెనక్కి పోతుంది, పాయింట్లు మళ్లీ కలుస్తాయి. మామూలు జతలో లో టోన్ హారన్‌లో ఇది సెకనుకు సుమారు 400 సార్లు, హై టోన్‌లో సుమారు 500 సార్లు జరుగుతుంది. కరెంటు సగమైతే లాగే బలం సగంతో ఆగదు, దాదాపు పావుకి పడిపోతుంది. అప్పుడు రేకు పూర్తిగా కొట్టుకోదు, మనకు బొంగురు గొంతు వినిపిస్తుంది.

ముందు చెవితో

పనిముట్లు తీసే ముందు బానెట్ ఎత్తి, ఇంట్లో ఎవరినైనా డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి నొక్కించండి. చెవి మరీ దగ్గర పెట్టకండి, దూది పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇంజిన్ ఆఫ్‌లో బొంగురుగా ఉండి, స్టార్ట్ చేయగానే కాస్త బాగైతే అనుమానం వైరింగ్ మీదకో బ్యాటరీ మీదకో పోవాలి. ఇంజిన్ తిరుగుతుంటే, దాంతో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వల్ల వోల్టేజి 14 దాకా లేస్తుంది కాబట్టి లోపం కొంత కప్పబడిపోతుంది. 'గర్ర్' మని రేకుల మోత కలిసి వస్తే హారన్ ఎక్కడో దేన్నో తాకుతోంది. 'వ్వా... వ్వా...' అని అలలుగా ఊగుతుంటే షాపులో రెండూ ఒకే టోన్‌వి ఇచ్చేశారు. వాటి మీద హెచ్, ఎల్ అని గుర్తులుంటాయి, ఒకటి హెచ్, ఒకటి ఎల్ ఉండాలి. స్టీరింగ్ ఒక కోణంలో ఉన్నప్పుడే మోగి, తిప్పితే ఆగిపోతుంటే లోపం స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్‌లో, అంటే స్టీరింగ్ తిరుగుతున్నా బటన్‌కి కరెంటు అందించే చుట్ట వైరులో ఉండొచ్చు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో ఆ ప్యాడ్ మీరు విప్పొద్దు, దయచేసి తెలిసినవాళ్లకే అప్పగించండి.

లేబుల్ కూడా ఒకసారి చదవండి. లారీల కోసం చేసే 24 వోల్టుల హారన్లు అదే షాపులో, అదే అరలో ఉంటాయి. అది కారు బ్యాటరీ మీద నీరసంగా మూలుగుతుంది. దీనికి మార్పించుకోవడం తప్ప వేరే దారి లేదు.

బ్యాటరీకి నేరుగా

హారన్ కనెక్టర్లు పీకండి. రెండు మందపాటి వైర్లు తీసుకుని, ప్లస్ వైరులో 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి, ఒక్కో హారన్‌ని విడివిడిగా బ్యాటరీకి తగిలించి చూడండి. రెండు సెకన్లు చాలు. హారన్ విప్పి చేతిలో పట్టుకుంటే దాని క్లాంపు పట్టుకోండి. డొప్పని గుప్పిట్లో బిగిస్తే శబ్దం అణిగిపోయి మంచి హారన్ కూడా చెడ్డదిలా వినిపిస్తుంది. ఎలక్ట్రానిక్ హారన్ అయితే ప్లస్, మైనస్ తారుమారు చేయకూడదు. మామూలు పాయింట్ల రకానికి ఆ పట్టింపు లేదు.

నేరుగా పెట్టినప్పుడు కూడా గొంతు బాగోలేకపోతే తప్పు హారన్‌దే. ఖంగుమని మోగితే హారన్ మంచిదే, ఇక వెతకాల్సింది కారులో. మా బావగారు మొదటి జత వెనక్కిచ్చే ముందు ఈ రెండు నిమిషాల పని చేసుంటే రెండోసారి షాపుకి వెళ్లే పనే ఉండేది కాదు.

మోగుతుండగా కొలవడం

అసలు సంగతి తేలేది ఇక్కడే. హారన్ పీకేసి, బటన్ నొక్కించి కొలిస్తే లోపమున్న వైరు కూడా 12 వోల్టులే చూపిస్తుంది. కరెంటు పారుతున్నప్పుడే లోపం బయటపడుతుంది. ట్రంపెట్ జత సుమారు 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. దారిలో పావు ఓమ్ అడ్డు ఉన్నా చాలు, 2 వోల్టులు మింగేస్తుంది. అంత చిన్న అడ్డుని మామూలు మీటరు ఓమ్స్‌లో పెట్టి పట్టుకోవడం కష్టం.

మల్టీమీటరుని 20 వోల్టుల డీసీలో పెట్టండి. హారన్ కనెక్టర్ తగిలించే ఉంచి, రెండు పిన్నుల మీద రెండు ప్రోబులు ఆనించి నొక్కించండి. పాయింట్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి కాబట్టి అంకెలు కొంచెం ఎగిరిపడతాయి, ఎక్కువసేపు నిలిచే అంకె తీసుకోండి. మరీ గెంతుతుంటే హారన్లు రెండూ పీకేసి, ఒక కనెక్టర్‌కి పాత 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తగిలించండి. అదీ నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది, అంకె మాత్రం కదలకుండా నిలబడుతుంది. బల్బు వేడెక్కుతుంది, చేత్తో పట్టుకోకండి. అది దాదాపు ఒక్క హారన్ లాగేంత కరెంటే కాబట్టి జత మీద నష్టం ఇంకా ఎక్కువుంటుందని గుర్తుంచుకోండి.

బ్యాటరీకీ హారన్‌కీ తేడా అర వోల్టు లోపుంటే బాగున్నట్టు. ఒక వోల్టు దాటిందంటే దారి బాగు చేసుకోవాలి. ఏ దారి? దానికి రెండు కొలతలు.

మొదట ఎర్త్, అంటే హారన్ మైనస్ నుంచి బ్యాటరీకి కరెంటు తిరిగి వెళ్లే దారి. ఎరుపు ప్రోబు హారన్ మైనస్ పిన్ను మీద, నలుపు ప్రోబు బ్యాటరీ మైనస్ మీద పెట్టి నొక్కించండి. సున్నాకి దగ్గరగా, మహా అయితే 0.2 రావాలి. బావగారి కారులో 2.3 వచ్చింది. టార్చి వేసి చూస్తే కారణం కనబడింది. ఎర్త్ వైరు చివర ఉండే లగ్‌ని (బోల్టు దూరే రింగు ముక్కని) రేడియేటర్ ముందు అడ్డపట్టీకి బోల్టుతో బిగించారు. పట్టీ మీద నల్ల పెయింటు చెక్కు చెదరలేదు, లగ్ ఆ పెయింటు మీదే కూర్చుంది. కరెంటు వెళ్తోందంటే బోల్టు మీది మర గీతల గుండానే. బోల్టు విప్పి, రూపాయి బిళ్లంత మేర ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, లగ్‌ని కూడా రుద్ది, బిగించి, తుప్పు పట్టకుండా పైన వ్యాజిలైన్ పూశాను. మళ్లీ కొలిస్తే 0.1. ఆ హారన్లే వీధి చివరి దాకా మోగాయి.

ఒకే పిన్ను ఉన్న హారన్లకు ఎర్త్ క్లాంపు ద్వారానే అందుతుంది. వాటికి క్లాంపు ఆనే చోటే పెయింటు గీకాలి.

రెండోది ప్లస్ దారి. ఎరుపు ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద, నలుపు హారన్ ప్లస్ పిన్ను మీద. ఇక్కడ ఎక్కువ చూపిస్తే బ్యాటరీ టెర్మినల్ దగ్గర చిలుము, వదులైన ఫ్యూజ్, పాయింట్లు కాలిన రిలే (బటన్ దగ్గరి చిన్న కరెంటుతో హారన్ పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు), చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు, ఒక్కొక్కటిగా చూసుకుంటూ రండి. నష్టం అంతటా సమానంగా పరుచుకుని ఉంటే వైరే సన్నం. ఒక్క హారన్ కోసం వేసిన వైరు మీద రెండు పెద్ద హారన్లు పెడితే జరిగేది ఇదే.

దానికి మందు విడిగా రిలే కిట్ వేయడం. రిలే కింద అంకెలుంటాయి. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోపే దానికి ఫ్యూజ్. 87 నుంచి రెండు హారన్ల ప్లస్‌కి. పాత హారన్ కనెక్టర్‌లోని రెండు వైర్లు 85కి, 86కి. రిలే మీద డయోడ్ గుర్తు ఉంటే ప్లస్ 86కే వెళ్లాలి. హారన్ల మైనస్ వైర్లు నేరుగా బ్యాటరీ మైనస్‌కి తెచ్చుకుంటే పెయింటు గొడవే ఉండదు. ఫ్యూజ్ ఎగిరిపోతోందని పెద్ద ఫ్యూజ్ మాత్రం పెట్టకండి. సన్నవైరు కాలితే బానెట్ కింద మంట పుడుతుంది.

కరెంటు బాగుండి కూడా గొంతు బాగోకపోతే

హారన్ చుట్టూ వేలు పెట్టి తిప్పి చూడండి. బంపర్‌కి గానీ, గ్రిల్‌కి గానీ, పక్క హారన్‌కి గానీ తాకకూడదు. కనీసం వేలెడంత ఖాళీ ఉండాలి. దాంతో వచ్చిన స్టీలు పట్టీ క్లాంపుని తీసేసి మందపాటి ఇనప ముక్కకి బిగిస్తే గొంతు మారిపోతుంది. ఆ పట్టీకి కొంచెం ఊగే గుణం కావాలనే అలా చేస్తారు. క్లాంపు నట్టు వదులుగా ఉన్నా గరగరే.

ట్రంపెట్ నోరు కిందికి గానీ, ముందుకి కొంచెం వాలుగా గానీ ఉండాలి. పైకి ఉంటే వానకో, వాటర్ సర్వీసింగ్‌కో నీళ్లు నిండుతాయి. నీళ్లు పోయిన హారన్ ముక్కు పట్టేసినట్టు మోగుతుంది. విప్పి బోర్లించి ఒక పూట ఎండలో పెడితే చాలాసార్లు తేరుకుంటుంది. రేకుకి తుప్పు పట్టాక మాత్రం తేరుకోదు.

శబ్దం చాలలేదని రాగాలు తీసే మల్టీటోన్ హారన్ వైపు మాత్రం పోకండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వ నిబంధన వాటిని నిషేధించింది. చెవులు చిల్లులు పడేలా మోగేవి కూడా అందులోకే వస్తాయి. సరిగ్గా కరెంటు అందిన మామూలు జత హైవేకి సరిపోతుంది.

స్క్రూ జోలికి ఆఖర్న

కొన్ని హారన్ల వెనక చిన్న స్క్రూ ఉంటుంది, దాని మీద లక్క ముద్ర వేసి ఉంటుంది. పాయింట్ల దూరం సరిచేయడానికి అది. కొత్త హారన్‌కి ఆ ముద్ర పగలగొడితే గ్యారంటీ పోతుంది. చాలామంది మొదట చేసే పని ఇదే, నా లెక్కలో చివరిది కావాలి. తక్కువ వోల్టేజి మీద స్క్రూ తిప్పి గొంతు సరిచేస్తే, తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి 14 వోల్టులు అందినప్పుడు అది మళ్లీ పాడుగా మోగుతుంది.

గ్యారంటీ అయిపోయిన హారన్ అయితే ప్రయత్నించండి. ముందున్న చోటు మార్కర్‌తో గీత పెట్టుకోండి. ఇంజిన్ నడుస్తుండగా, ఒక్కో హారన్‌ని విడిగా, ఒకసారికి గడియారంలో పెద్ద ముల్లు ఐదు నిమిషాల్లో కదిలేంత మాత్రమే తిప్పి నొక్కి వినండి. నొక్కుతూ తిప్పకండి. 'టిక్' మని ఆగిపోయిందంటే పాయింట్లు విడిపోవడం లేదు, కరెంటు తెగకుండా పారి కాయిల్ కాలిపోతుంది. వెంటనే వెనక్కి తిప్పండి.

హారన్‌దే తప్పని తేలితే షాపుకి వెళ్లేటప్పుడు బిల్లుతో పాటు మీ వైర్లు కూడా పట్టుకెళ్లండి. వాళ్ల బ్యాటరీ మీదే, వాళ్ల ఎదురుగానే మీది ఒకసారి, కొత్త డబ్బాలోంచి తీసినది ఒకసారి మోగించమనండి. తేడా వాళ్లకే వినిపిస్తుంది.